రేటులో దాగిన కమిషన్

నెల్లూరు తీరానికి డాలరు కొత్తది కాదు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల్లో చెరువులు తవ్వి వెనామీ రొయ్యలు పెంచే రైతుకు దక్కే ధర చాలావరకు అమెరికా కొనుగోళ్ల మీదే ఆధారపడి ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే ఇక్కడి చెరువు గట్ల మీద కౌంట్ రేట్ల గురించి ఆందోళన మొదలైంది అందుకే. ఈ తీరం నుంచి మనుషులూ బయటికి వెళ్తున్నారు. కువైట్, సౌదీ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు, డ్రైవర్లు, ఉమ్రాకు వెళ్లే పెద్దలు, అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్లే తల్లులు. వీళ్లలో చాలామంది చెన్నై వెళ్లి విమానం ఎక్కుతారు. రొయ్యల ఎగుమతిదారు తన డాలర్లను బ్యాంకుకు అమ్మేటప్పుడు పైసల దగ్గర బేరమాడతాడు. వెయ్యి డాలర్లు కొనే ప్రయాణికుడు ఒక్కో డాలరు మీద రూపాయలు పోగొట్టుకుంటాడు, ఎంత పోయిందో కూడా అతనికి తెలియదు. విదేశీ డబ్బు అమ్మేవాళ్లు తమ లాభం ఎంతో రూపాయల్లో లెక్కగట్టి బిల్లు మీద వేయాలి. ప్రయాణికుడి తరఫున అడగవలసిన మొదటి కోరిక ఇదే.

కౌంటర్ల మీద ‘కమిషన్ లేదు’ అనే బోర్డు తరచు కనిపిస్తుంది. కమిషన్ అనే వరుస బిల్లులో ఉండదు కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. కానీ కమిషన్ ఎక్కడికీ పోలేదు, రేటులో కలిసిపోయింది. ఒక రోజు బ్యాంకుల మధ్య నడిచే డాలరు రేటు 90 రూపాయలు అనుకుందాం. కౌంటర్‌లో అది 94కు అమ్మారనుకుందాం. వెయ్యి డాలర్లకు 94,000 కడతాం. అందులో 4,000 అమ్మినవాడిది. ఆ సంఖ్య సాధారణంగా బిల్లులో ఎక్కడా కనిపించదు. కనిపించేది జీఎస్టీ. లక్ష రూపాయల లోపు మారకంలో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి దాని మీద 18 శాతం వేస్తారు, అంటే ఇక్కడ 169 రూపాయలు. 169 దగ్గర కళ్లు పెద్దవి చేసిన మనిషి 4,000 గురించి ఒక్క మాట అడగడు, ఎందుకంటే అడగడానికి అక్కడ అంకె లేదు. ఇందులో గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. జీఎస్టీ నిబంధనల్లో 32వ నిబంధన డబ్బు మార్చే సేవ విలువకు మొదట చెప్పిన కొలత అమ్మిన రేటుకూ, రిజర్వ్ బ్యాంకు రిఫరెన్స్ రేటుకూ, అంటే ఆ రోజు ప్రామాణిక రేటుకూ, ఉన్న తేడానే. ఒక శాతం పద్ధతి వ్యాపారి ఎంచుకోగల వెసులుబాటు. ఆ తేడాయే అమ్మేవాడి రాబడి అని ప్రభుత్వం పన్ను కోసం ఒప్పుకుంది. పన్ను లెక్కకు పనికొచ్చిన అంకె కొనేవాడికి చెప్పడానికి ఎందుకు పనికిరాదు?

నోట్లు అమ్మడం ఊరికే జరిగే పని కాదని వ్యాపారులు అంటారు. నిజమే. నోట్లు తెప్పించాలి, బీమా కట్టాలి, దొంగ నోట్లు కాదని చూసుకోవాలి, అమ్ముడుపోని దినార్లు బీరువాలో పడి ఉంటే ఆ నష్టం భరించాలి. విమానాశ్రయంలో అద్దె మామూలుగా ఉండదు. గల్ఫ్ కరెన్సీల లెక్క డాలరు మీదుగా నడుస్తుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. సౌదీ రియాలు డాలరుకు 3.75 దగ్గర దశాబ్దాలుగా కదలకుండా ఉంది, కువైట్ దినారు 2007 నుంచి కొన్ని కరెన్సీల బుట్టను బట్టి కదులుతోంది. ఒకప్పుడు ఈ బాధే లేదు. మన ప్రభుత్వం 1959లో గల్ఫ్ కోసం విడిగా రూపాయి నోట్లు ముద్రించింది, 1961లో కువైట్ సొంత దినారు తెచ్చుకునేదాకా అక్కడి అంగళ్లలో చెల్లింది మన రూపాయే. ఇప్పుడు మార్చక తప్పదు, మార్చినందుకు ఖర్చూ తప్పదు. ఆ ఖర్చు వసూలు చేసుకోవద్దని ఎవరూ అనడం లేదు. అది ఎంతో చెప్పమనే అడుగుతున్నాం. ఇది కుదరని పని కాదనడానికి ఐరోపా సమాఖ్య సాక్ష్యం. కార్డు చెల్లింపు దగ్గర కరెన్సీ మార్చేటప్పుడు, ఐరోపా కేంద్ర బ్యాంకు రేటు మీద ఎంత శాతం అదనంగా వేస్తున్నారో చెప్పి తీరాలని 2019లో నిబంధన చేసి 2020 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. అక్కడి వ్యాపారం ఆగిపోలేదు.

నాలుగు చోట్ల అడిగి కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లున్నారు. రేట్లు అందరికీ కనిపించేలా బోర్డు పెట్టాలనే నియమం ఇప్పటికే ఉంది. కానీ ఆ బోర్డు ఉండేది కౌంటర్ దగ్గర, కొనేవాడు ఉండేది కోటలోనో వాకాడులోనో. మూటాముల్లె సర్దుకుని చెన్నై మీనంబాక్కం విమానాశ్రయం చేరాక, లోపలికి పిలుస్తున్న వేళ ఎన్ని కౌంటర్లు తిరగగలడు? పైగా నగదు ఇచ్చి 50,000 రూపాయల దాకానే కొనగలం, ఆపైన బ్యాంకు ద్వారా కట్టాలి. ఈ సంగతి చివరి గంటలో తెలిసినవాడు ఏ రేటుకైనా తల ఊపుతాడు. కాబట్టి వెళ్లేవాళ్లు వారం ముందే నెల్లూరులోని బ్యాంకులోనో, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న సంస్థలోనో రేటు అడిగి, ఆ రోజు రిఫరెన్స్ రేటుతో పోల్చి కొనడం మంచిది. విమానాశ్రయంలో కొనవలసి వస్తే దిగాక టాక్సీకి సరిపడేంత చాలు. చిన్న కొనుగోలుదారుకు బ్యాంకుల మధ్య రేటు అందాలనే ఉద్దేశంతో ఎఫ్ఎక్స్ రిటైల్ అనే వేదికను 2019లోనే తెచ్చారు. దాన్ని బిల్లులు కట్టే భారత్ కనెక్ట్‌తో కలుపుతామని 2024 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. మంచి ఆలోచన. కానీ దాని పేరు విన్న ప్రయాణికుడు మన మండల కేంద్రాల్లో ఎంతమంది ఉంటారు?

కార్డులూ యూపీఐ వచ్చాక నోట్ల గొడవ ఎందుకన్నది మరో అభ్యంతరం. చాలా దేశాలకు నోట్ల రూపంలో 3,000 డాలర్లకు మించి తీసుకెళ్లకూడదు, హజ్, ఉమ్రా యాత్రికులకు మాత్రం సడలింపు ఉంది. మిగతాది ఎలాగూ కార్డులోనే వెళ్లాలి. కానీ దాపరికం కార్డులోనూ ఉంది. చాలా కార్డుల మీద విదేశీ చెల్లింపుకు రెండు నుంచి మూడున్నర శాతం దాకా అదనంగా పడుతుంది, దాని మీద జీఎస్టీ. డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డును దినార్లు చెల్లే చోట గీస్తే మారకం మళ్లీ జరుగుతుంది. దుకాణంలో మిషన్ ‘రూపాయల్లో కడతారా’ అని అడిగితే మన కరెన్సీ కదా అని ఔననేవాళ్లు ఎక్కువ. అక్కడి కరెన్సీలోనే కట్టడం దాదాపు ఎప్పుడూ చౌక. 2020 నుంచి కొత్త కార్డులు విదేశాల్లో వాడకానికి మూసే ఉంటాయి, మనమే బయల్దేరే ముందు తెరిపించుకోవాలి. ఇక యూపీఐ దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో కొన్ని చోట్ల పనిచేస్తుంది. కువైట్‌లో మొదటి జీతం చేతికి వచ్చేదాకా గడపవలసిన పనిమనిషికి అది ఆసరా కాదు.

తెలిసిన ఏజెంటు బిల్లు లేకుండా మంచి రేటుకు ఇస్తాడనే మాట ఈ తీరంలో కొత్త కాదు. అతని రేటు మంచిదే అయినా, లైసెన్సు లేనివాడి దగ్గర విదేశీ డబ్బు కొనడం విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) ప్రకారం తప్పు. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా పడవచ్చు. ఇచ్చిన నోటు దొంగదైతే నిలదీయడానికి కాగితం ఉండదు. అయినా జనం అటు ఎందుకు పోతున్నారో గమనించాలి. సక్రమమైన కౌంటర్‌లో తమను ఎంత కోస్తున్నారో తెలియకపోవడం అందులో ఒక కారణం. తెలిస్తే బిల్లున్న చోటే కొనడానికి మొగ్గుచూపేవాళ్లు పెరుగుతారు.

తిరుగు ప్రయాణంలో ఈ నష్టం రెండోసారి జరుగుతుంది. మిగిలిన నోట్లలో 2,000 డాలర్ల దాకా దగ్గర ఉంచుకోవచ్చు, ఆపైనవి 180 రోజుల్లో అమ్మేయాలి. పై లెక్కలోనే, అమ్మేటప్పుడు 94 అన్న కౌంటర్ కొనేటప్పుడు 86 అంటే, ఖర్చు కాకుండా మిగిలిన 200 డాలర్ల మీద 1,600 రూపాయలు పోయినట్టే. అందుకే అమ్మే రేటు, అదే రోజు తిరిగి తీసుకునే రేటు, రిఫరెన్స్ రేటు, వాటి మధ్య తేడా రూపాయల్లో ఎంతో, ఈ నాలుగూ ప్రతి బిల్లు మీద తెలుగులో కూడా ఉండాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించాలి. అది వచ్చేదాకా కౌంటర్ ముందు నిలబడిన ప్రతి ప్రయాణికుడూ డబ్బు చేతికివ్వక ముందే ఆ నాలుగు అంకెలూ రాసిమ్మని అడగవచ్చు.