దెబ్బలు లెక్కపెట్టే చెవులు

నలుగురు వాయిద్యగాళ్లు కూర్చుని పాత రాక్ పాటల గురించి మాట్లాడుకుంటుంటే, మాట ఎప్పుడో ఒకప్పుడు రింగో స్టార్ మీదికి మళ్లుతుంది. అతనికి డ్రమ్స్ సరిగ్గా రావని, అదృష్టం కొద్దీ బీటిల్స్‌లో పడ్డాడని ఒకరు తేల్చిపారేస్తారు. బీటిల్స్‌లోనే అతని కంటే బాగా వాయించేవాళ్లున్నారని సాక్షాత్తూ జాన్ లెననే అన్నాడంటూ ఇంకొకరు అందుకుంటారు. లెనన్ ఆ మాట అనలేదు. అతను చనిపోయాక, 1980ల మొదట్లో, బ్రిటిష్ హాస్య కార్యక్రమాల్లో పుట్టిన జోకు అది. బీటిల్స్ చరిత్ర రాసిన మార్క్ లూయిసన్ మూలాలు తవ్వి మరీ ఆ సంగతి చెప్పాడు. అయినా నాలుగు దశాబ్దాలుగా అది చెలామణీ అవుతూనే ఉంది. పోనీ తిప్పుతున్నది సంగీతం తెలియని జనమా అంటే అదీ కాదు, గిటార్లూ డ్రమ్ కర్రలూ పట్టుకున్నవాళ్లే. నాకు కడుపు మండేది అక్కడే.

ఈ అబద్ధానికి ఇంత ఆయుష్షు ఎక్కడిది? డ్రమ్మర్‌ని తూచడానికి వీళ్ల దగ్గర ఉన్న తూనికరాళ్లు రెండే: ఎంత వేగం, ఎంతసేపు. నిమిషానికి ఎన్ని దెబ్బలు కొట్టాడు, సోలో ఎన్ని నిమిషాలు లాగాడు. ఈ లెక్కలో రింగో ఎక్కడా తేలడు. బీటిల్స్ రికార్డులన్నీ గాలించినా అతని సోలో ఒక్కటే దొరుకుతుంది. కనుక అతనికి రాదట! దెబ్బ ఎక్కడ పడిందో, ఎంత బరువుతో పడిందో, పక్కవాడి పాటకు ఏం చేసిందో వినే ఓపిక లేనివాళ్లు, లెక్కకు దొరికేదాన్ని పట్టుకుని దానికే విద్య అని పేరు పెట్టారు. ఈ లెక్క తప్పు. దీనితో పిల్లల చేతులు పాడవుతున్నాయి, పెద్దల చెవులు మొద్దుబారుతున్నాయి.

రింగో చేతుల దగ్గరికే వెళ్దాం. అతను ఎడమచేతి వాటం మనిషి. కూర్చున్నది మాత్రం కుడిచేతివాళ్లకు అమర్చిన సెట్ ముందు. మామూలు డ్రమ్మర్ ఒక ఫిల్, అంటే పాట మలుపులో ఖాళీని నింపే దరువు, వాయిస్తే కుడిచెయ్యి ముందు నడుస్తుంది. స్నేర్ దగ్గర బయలుదేరి టామ్‌ల మీదుగా కుడివైపుకి దొర్లుకుంటూ పోతుంది. రింగోకి ముందు నడిచేది ఎడమచెయ్యి. అది కుడివైపు టామ్ చేరాలంటే రెండో చేతిని దాటుకుని పోవాలి. అక్కడ కాస్త జాగా పుడుతుంది, దెబ్బ ఒక్క క్షణం ఆగి పడుతుంది. 1966లో 'పేపర్‌బ్యాక్ రైటర్' రికార్డు రెండో వైపు వచ్చిన 'రెయిన్' వినండి. తన వాయింపుల్లో ఇదే గొప్పదని రింగో పలుమార్లు చెప్పుకున్నాడు. ఆ పాటలో ఫిల్ వచ్చిన ప్రతిసారీ ఇప్పుడు పడిపోతాడు అనిపిస్తుంది, పడడు. ఏ ఫిల్ కూడా వెనకటి ఫిల్ లాగా ఉండదు. వేలెడంత జాగాలో అన్ని మలుపులు తిప్పినవాడికి డ్రమ్స్ రావంటే, ఇంకెవరికి వచ్చినట్టు?

ఆ ఒక్కగానొక్క సోలో 1969 నాటి 'అబీ రోడ్' ఆల్బంలో, 'ది ఎండ్' అనే పాటలో ఉంది. సోలోలంటే రింగోకి ఇష్టం లేదు. మిగతావాళ్లు బతిమాలి ఒప్పించారు. మొత్తం పావు నిమిషం. పైన టామ్‌లు తిరుగుతుంటే అడుగున బాస్ డ్రమ్ తొణక్కుండా నడుస్తూ ఉంటుంది. తర్వాత మెకార్ట్‌నీ, హారిసన్, లెనన్ ముగ్గురూ వంతులవారీగా గిటార్ అందుకుంటారు. ఆ పావు నిమిషం తీసేసి ఆ గిటార్లను విని చూడండి, గాల్లో వేలాడతాయి. నేలను సిద్ధం చేసింది డ్రమ్స్. సోలో అంటే మిగతావాళ్లను పక్కకి నెట్టి తన సత్తా చూపించుకోవడం అనుకునేవాళ్లకు ఇది సోలోలాగే వినపడదు. 'పొట్టిది' అంటారు. నిజమే, పొట్టిదే. అంతకంటే ఒక్క బార్ పొడిగించినా పాట చెడేది.

రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్‌ది ఇంకో కథ. 2021 ఆగస్టులో, 80 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆ మనిషి స్టేజీ మీద సోలోల జోలికి పోలేదు. ప్రాణమంతా జాజ్ మీద. అతను వాయించే వీడియో ఏదైనా పెట్టుకుని కుడిచేతిని చూడండి. స్నేర్ మీద బ్యాక్‌బీట్ పడే ప్రతిసారీ ఆ చెయ్యి హై-హ్యాట్ మీంచి లేచిపోతుంది. రాక్ డ్రమ్మర్లలో ఎక్కువమంది అక్కడ రెండూ కలిపి కొడతారు. వాట్స్ కొట్టడు. ఆ దెబ్బ ఒక్క స్నేర్‌ది మాత్రమే కావాలి అతనికి. ఒక దెబ్బ మానేయడం వల్ల రెండో దెబ్బకు బలం వచ్చింది. స్టోన్స్ పాటల్లో ఆ ఊపు అక్కడినుంచే వస్తుంది. లెక్కలవాళ్ల పుస్తకంలో ఇది ఒక దెబ్బ తక్కువ. అంతే వాళ్లకు అర్థమయ్యేది.

అదే బృందం 1969లో చేసిన 'హాంకీ టాంక్ విమెన్' మొదట్లో ఒక టెంపో, చివర్లో ఇంకో టెంపో. పాట వేడెక్కుతున్నకొద్దీ నడక వడివడిగా సాగుతుంది. ఇప్పటి స్టూడియోలో అయితే ఆ పాట బతికి బయటపడేది కాదు. కంప్యూటర్ తెర మీద నిలువు గీతల గ్రిడ్ ఉంటుంది. డ్రమ్మర్ కొట్టిన ప్రతి దెబ్బనూ లాక్కొచ్చి గీత మీద కూర్చోబెడతారు. ముందుకి జరిగినదాన్ని వెనక్కి, వెనక్కి జారినదాన్ని ముందుకి. దాన్ని సరిచేయడం అంటారు. నేనైతే హత్య అంటాను. ఆ జరగడంలోనే కదా మనిషి ఉన్నది! దాన్ని చెరిపేశాక మిగిలినదాన్ని ఏ యంత్రమైనా వాయిస్తుంది, డ్రమ్మర్ ఎందుకు?

యంత్రం వద్దని నేననడం లేదు. 1971లో 'వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్' రికార్డు చేసినప్పుడు ద హూ బృందం డ్రమ్మర్ కీత్ మూన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ముందే రికార్డయిన సింథసైజర్ టేపుతో కలిసి వాయించాడు. ఆ టేపు గోడలాంటిది, ఒక్క పిసరు కదలదు. మూన్ ఆ గోడకు గుద్దుకుంటూ, పక్కకి జారుతూ, మళ్లీ కలుస్తూ పాటంతా నడిపాడు. కాలప్రమాణాన్ని యంత్రం పట్టుకుంది, మనిషి మనిషిలాగే వాయించాడు. తర్వాత ఎవడూ అతని దెబ్బల్ని ఒక్కొక్కటిగా సర్దలేదు. అంత గడబిడగా వాయించే మూన్‌కి కూడా సోలోలంటే చిరాకు. అన్ని దెబ్బలూ గాయకుడి గొంతుకీ టౌన్‌షెండ్ గిటార్‌కీ జవాబులు. పాట లేకపోతే ఎవరికి జవాబు చెప్పాలి?

మరి పొడుగు సోలోలన్నీ దండగేనా? కానే కాదు. సోలో మొదలవగానే లేచి పోయేవాళ్ల మీద నాకు ఇంకా కోపం. మన సభల్లో తని ఆవర్తనం మొదలయ్యీ మొదలవకముందే కుర్చీలు చప్పుడు చేసుకుంటూ ఖాళీ అవుతాయి. అంతదాకా పాటను మోసిన మృదంగం మనిషికి అప్పుడు దక్కే మర్యాద అది. రాక్ కచేరీలోనూ డ్రమ్ సోలో అంటే బయటికెళ్లి గొంతు తడుపుకునే వేళ. స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేవాడూ, లేచి వెళ్లిపోయేవాడూ ఒక్కటే. ఇద్దరూ వినడం లేదు.

వినదగినదేమిటో చెప్పమంటే, 1969 ఆగస్టులో ఉడ్‌స్టాక్‌లో సంటానా బృందం వాయించిన 'సోల్ సాక్రిఫైస్' చూపిస్తాను. డ్రమ్మర్ మైకేల్ ష్రీవ్‌కి అప్పటికి 20 ఏళ్లు. ఎదుట కనుచూపు మేరా జనం. ఆ వయసులో, ఆ జనం ముందు ఎవడైనా ఏం చేస్తాడు? ఉన్న బలమంతా పెట్టి బాదుతాడు. ష్రీవ్ సోలో మధ్యలో శబ్దాన్ని దించుకుంటూ దించుకుంటూ స్నేర్ మీద సన్నటి రోల్ దాకా తెచ్చాడు. ఆ సన్నటి చప్పుడులోంచి మళ్లీ పెంచుకుంటూ బృందం చేతికి పాటను అందించాడు. ఆ దించడానికి గుండె కావాలి. అది ఏ లెక్కకూ అందదు.

జాన్ బోనమ్‌ని మాత్రం లెక్కలవాళ్లు తమవాడే అనుకుంటారు. లెడ్ జెప్పెలిన్ కచేరీల్లో 'మోబీ డిక్' సోలో 20 నిమిషాలు దాటి సాగేది కదా! ఎంతసేపు వాయించాడో అందరికీ కంఠోపాఠం. కర్రలు పక్కన పడేసి ఉత్త చేతులతో స్నేర్ మీదా టామ్‌ల మీదా వాయించే ఘట్టంలో చర్మం మీద చర్మం ఎలా పలికిందో అడగండి, నీళ్లు నములుతారు. 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్'లో బాస్ డ్రమ్ ట్రిప్లెట్లు విని రెండు పెడల్స్ వాడాడని భ్రమపడినవాళ్లు ఎందరో. వాడింది ఒక్క పెడల్, ఒక్క కాలు. సరే, అది వేగమే, ఒప్పుకుంటాను. కానీ బోనమ్ అసలు గొప్పతనం చూడాలంటే 'వెన్ ద లెవీ బ్రేక్స్' దగ్గరికి రావాలి.

ఇంగ్లండ్‌లో హ్యాంప్‌షైర్ కౌంటీలో హెడ్లీ గ్రేంజ్ అని ఒక పాత భవనం ఉంది. ఒకప్పుడు పేదలను ఉంచిన ఇల్లు. ఆ పాట కోసం దాని లోపలి హాల్లో, మెట్ల కింద, డ్రమ్ సెట్ పెట్టారు. సౌండ్ ఇంజనీర్ ఆండీ జాన్స్ పై అంతస్తు మెట్ల దగ్గరినుంచి రెండే రెండు మైకులు వేలాడదీశాడు. డ్రమ్ముకొక మైకు పెట్టే అలవాటును పూర్తిగా పక్కకు నెట్టాడు. మైకులు అంత ఎత్తున ఉంటే దెబ్బతో పాటు గోడలూ మెట్లూ కలిసి మోగుతాయి. పైగా దాన్ని ఎకో యంత్రంలోంచి పంపారు. తర్వాత టేపు వేగం కాస్త తగ్గించారు. 1971 నవంబరులో ఆ పాట ఉన్న ఆల్బం వచ్చింది. ఏడు నిమిషాల పాట. డ్రమ్స్ ఒక్కటే మొదలవుతాయి, నిదానంగా, బరువుగా. స్నేర్ రావాల్సిన చోటుకి వెంట్రుకవాసి వెనగ్గా వచ్చి కూలబడుతుంది. బోనమ్ తొందరపడడు. మీదపడి వాయించడానికి ఎంత జాగా ఉన్నా చాలావరకు ముట్టుకోడు. ఏడు నిమిషాలూ ఆ బరువును దించకుండా మోశాడు.

1986లో బీస్టీ బాయ్స్ తమ మొదటి ఆల్బంలో మొదటి పాటకు దరువు కావాలనుకుని వెతుక్కున్నప్పుడు ఎత్తుకున్నది 'మోబీ డిక్' సోలోని కాదు, ఈ నిదానపు దరువుని. వాళ్లకు చెవులున్నాయి.

ఇంతా విన్నాక కూడా వేగమే విద్య అనేవాళ్లుంటే, వాళ్లు దండం పెట్టుకునే దేవుడినే సాక్షికి పిలుస్తాను. రష్ బృందం డ్రమ్మర్ నీల్ పియర్ట్. చుట్టూ కోటలా డ్రమ్ములు, నోరెళ్లబెట్టించే సోలోలు, ప్రపంచమంతా అభిమానులు. అంత కీర్తి వచ్చాక, 1990ల నడుమ, నలభై దాటిన వయసులో, అతను ఫ్రెడ్డీ గ్రూబర్ అనే గురువు దగ్గర శిష్యుడిగా చేరాడు. కర్ర పట్టుకునే తీరు మార్చుకున్నాడు, కూర్చునే తీరు మార్చుకున్నాడు. గ్రూబర్ నేర్పింది దెబ్బ కొట్టడం గురించి కాదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ నడుమ చెయ్యి గాల్లో ఎలా తిరగాలన్నదాని గురించి. తన దెబ్బలన్నీ ఖచ్చితంగా పడుతున్నా నడకలో బిగువు ఎక్కువైందని పియర్ట్‌కే అనిపించింది. లెక్కల్లో అందరికంటే ముందున్నవాడే ఆ లెక్క చాలదని మళ్లీ బడికి పోతే, అతని పేరు చెప్పుకుని మీరు ఇంకా దేన్ని లెక్కపెడుతున్నారు?

ఇది హైదరాబాద్, విజయవాడల్లో పిల్లలకు డ్రమ్స్ నేర్పుతున్న మాస్టార్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పన్నెండేళ్ల కుర్రాడు 180 టెంపోలో డబుల్ స్ట్రోక్ రోల్ గలగలా దించేస్తాడు. తల్లిదండ్రులు ఫోన్లో వీడియో తీసి బంధువులకు పంపుతారు. అదే కుర్రాణ్ణి 70లో ఎనిమిది బార్లు సమంగా నడవమంటే మూడో బార్‌కే పరుగు మొదలుపెడతాడు, ఖాళీ కనపడగానే ఏదో ఒకటి కుక్కుతాడు. తప్పు వాడిది కాదు. ఖాళీని భరించడం వాడికి ఎవరూ నేర్పలేదు. మీరు కొన్నాళ్లు మెట్రోనోమ్‌ని పైకి తిప్పడం మానండి. డెబ్బైకి దించండి. బోనమ్ వాయించిన ఆ ఏడు నిమిషాల దరువు పెట్టి, ఒక్క ఫిల్ కూడా వేయకుండా చివరిదాకా వాయించమనండి. మధ్యలో ఉండబట్టలేక ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టినా ఆపి, మొదటినుంచి మళ్లీ వాయించమనండి.