రూ.100 మిగిలిందనుకుంటే బండే ఆగింది.. మోపెడ్లకు డూప్లికేట్ పార్టుల బెడద, అసలు లోపం ఎక్కడ?

పాల క్యాన్లు మోసేది అదే. పొలానికి ఎరువు బస్తా తీసుకెళ్లేది అదే. సంతకు కూరగాయల మూటలు చేర్చేదీ అదే. 1980లో టీవీఎస్ 50 రోడ్డెక్కినప్పటి నుంచి పల్లెల్లో మోపెడ్ అంటే చిన్న రైతు బండి, చిరు వ్యాపారి బండి. దాన్ని నడపడం తేలికే. చిక్కంతా పార్టు మార్చాల్సి వచ్చినప్పుడే.

మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న.. 'కంపెనీది వేయాలా, లోకల్‌ది వేయాలా?' రేటులో తేడా వినగానే చాలామంది లోకల్‌కే ఓటేస్తారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

నాసిరకం పార్టుతో ఏమవుతుంది?

సరిగా గట్టిపరచని ఉక్కుతో చేసిన చైన్ త్వరగా సాగుతుంది. సాగిన చైన్ స్ప్రాకెట్ పళ్లను కూడా అరగదీస్తుంది. అంటే ఒక పార్టు దగ్గర మిగిల్చిన డబ్బు ఇంకో పార్టు మింగేస్తుంది. బ్రేక్ షూ విషయంలో పోయేది డబ్బు మాత్రమే కాదు. షూకు అతికించిన లైనింగ్ ఊడితే బ్రేక్ పట్టదు. వెనక రెండు బస్తాలున్న బండికి అది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి.

అయితే లోకల్ అంటే అంతా నకిలీ కాదు. వేరే సంస్థ తన సొంత పేరుతో, తన చిరునామాతో పార్టు తయారు చేసి అమ్మితే అది చట్టబద్ధమైన వ్యాపారమే. అందులో మంచివీ ఉంటాయి. ఇంకొకరి పేరు, లోగో అచ్చేసుకుని అమ్మేదే నకిలీ. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం అలాంటి సరుకు అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా.

చట్టం ఉంది.. మరి ఎందుకు ఆగట్లేదు?

ఒక్క మాటలో చెప్పాలంటే.. బిల్లు. రూ.200 లోపు కొనుగోలుకు కస్టమర్ అడగకపోతే విడిగా జీఎస్టీ బిల్లు ఇవ్వక్కర్లేదు. మోపెడ్‌కు కావాల్సిన కేబుల్, ప్లగ్ లాంటి చిన్న సామాన్లు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. పైగా పార్టు తెచ్చేది మెకానిక్, డబ్బులిచ్చేది బండి ఓనర్. పార్టు పాడైతే షాపు మెకానిక్‌ను చూపిస్తుంది, మెకానిక్ షాపును చూపిస్తాడు. కాగితం లేనిచోట ఎవరినీ పట్టుకోలేం.

'బిల్లు లేకుండా అయితే తక్కువకిస్తా' అనే మాటకు ఇప్పుడు పాత బలం లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంటే బిల్లు వదులుకుంటే మిగిలేది తగ్గింది, పోయేది మాత్రం అంతే ఉంది.

తప్పంతా మెకానిక్‌దే అనడమూ సరికాదు. రెండు స్ట్రోకుల పాత మోపెడ్ల తయారీ ఆగిపోయింది. ఆ బండ్లకు ఒరిజినల్ సామాను దొరకడం కష్టం. సాయంత్రానికి బండి కావాలని ఓనర్ కూర్చుంటే, చేతికి దొరికిందే వేస్తాడు.

మరేం చేయాలి?

చిన్న పార్టయినా బిల్లు అడగాలి. అడిగినా ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ప్యాకెట్‌పై తయారీదారు చిరునామా, నెల, ఎంఆర్‌పీ చూడాలి. పాత పార్టునూ, కొత్తదాని ప్యాకెట్‌నూ ఇంటికి తెచ్చుకోవాలి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రూ.5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు.

వేరే ఏ పార్టు దగ్గర సర్దుకున్నా, బ్రేక్ దగ్గర మాత్రం బేరం వద్దు.