పొగ రాదుగా అన్న ధీమా వద్దు

గత వారం మా ఓపీకి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. బీపీ మాత్రలు ఆరు నెలలకు సరిపడా రాయమన్నారు. డిసెంబరులో దంపతులిద్దరూ అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నారట. నేను చీటీ రాస్తుంటే ఫోన్ తీసి కొడుకు కొత్తగా కొన్న ఇంటి ఫొటో చూపించారు. హాలు గోడలో ఒక గూడు. అందులో నీలం రంగు గాజుముక్కల కుప్ప. వాటి సందుల్లోంచి లేస్తున్న మంట. ‘‘కట్టెల్లేవు, బూడిద లేదు, పొగ అసలే లేదు. మన పొయ్యిల కన్నా ఎంత నయమో కదండీ డాక్టరు గారూ!’’ అన్నారు.

నయమే, కాదనను. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊది ఊది, ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఆడవాళ్లను మా వార్డులో చూస్తూనే ఉంటాను. అయితే ‘పొగ లేదు’ అనే మాట దగ్గరే నాకు భయం. పొగ కళ్లు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, మనల్ని బయటికి తరుముతుంది. గ్యాస్ సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఆపాటి హెచ్చరిక కూడా చేయదు. దానికి రంగు లేదు, వాసన లేదు. ‘గ్యాస్ కదా, వాసన వస్తుందిలే’ అనుకోకండి. ఆ వాసన మండని గ్యాస్‌ది. లీకైతే తెలియాలని అందులో కలిపిన రసాయనానిది.

ఫొటోలో మండుతున్నది గాజు కాదు. అడుగున గ్యాస్ బర్నర్ ఉంటుంది. దాన్ని కప్పడానికి, అందానికి, వేడికి తట్టుకునే గాజుముక్కలు పోస్తారు. మన వంటింటి స్టవ్ మంట నీలంగా ఉంటుంది. అంటే గాలి బాగా కలిసి గ్యాస్ పూర్తిగా మండుతోందన్నమాట. అలంకారానికి పెట్టే మంట మాత్రం కట్టెల మంటలా పచ్చగా కనిపించాలి కాబట్టి గాలి తక్కువ కలిసేలా అమరుస్తారు. గాజుముక్కలు మరీ మందంగా పోసినా, బర్నర్ రంధ్రాలు మూసుకుపోయినా మంట ఇంకా పాడవుతుంది. గాజు మీద, గూటి గోడల మీద మసి కనిపిస్తే ఆ బర్నర్‌ను వెంటనే ఆపి, లైసెన్సున్న టెక్నీషియన్‌ను పిలవాలి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట చలికాలంలో, అమెరికా వెళ్లిన నా పేషెంటు ఒకాయన వాట్సాప్‌లో ఫోన్ చేశారు. తనకూ, భార్యకూ తలనొప్పి, వికారం. ‘బీపీ పెరిగిందేమో’ అన్నారు. ప్రయాణ బడలిక, చలి అని చెప్పి పారాసిటమాల్ వేసుకోమన్నాను. ఇద్దరికీ ఒకేసారి ఎందుకొచ్చిందని నేను అడగలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన కొడుక్కీ గంటలో తల దిమ్మెక్కింది. అతనికి అనుమానం వచ్చి ఇద్దర్నీ ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. రక్తపరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ బయటపడింది. అది పాత కట్టెల గూడు. అందులోనే గ్యాస్ బర్నర్, గాజు అమర్చుకున్నారు. అలా చేసినప్పుడు పైన పొగగొట్టానికి ఉండే మూత ఎప్పటికీ పూర్తిగా మూసుకోకుండా క్లాంపు బిగించాలి. అది బిగించలేదు. చలిగాలి వస్తోందని ఎవరో మూత మూసేశారు. పెద్దవాళ్లేమో పగలంతా రిమోట్ నొక్కి మంట ముందు కూర్చున్నారు. ఇద్దరూ కోలుకున్నారు. నా గొప్పేమీ లేదు, ఆ అబ్బాయి చురుకుదనం.

ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గుండెకు, మెదడుకు ఆక్సిజన్ అందదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఛాతీనొప్పి రావచ్చు. గర్భిణికి ఒంట్లో బాగానే ఉన్నా కడుపులో బిడ్డకు ముప్పు ఉంటుంది. కొందరిలో తేరుకున్నాక కొన్ని వారాలకు మతిమరుపు, నడకలో తేడా కనిపిస్తాయి. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఇది సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. ఆస్పత్రికి పరుగెత్తమనేది అందుకే.

కొవిడ్ తర్వాత ప్రతి ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంది. దయచేసి ఇక్కడ దాన్ని నమ్మకండి. వేలికి పెట్టే ఆ పరికరానికి ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ, ఈ విషవాయువు పట్టుకున్నదానికీ తేడా తెలియదు. ప్రాణం మీదికొచ్చిన మనిషికీ 98 చూపించగలదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే, బయటికి వెళ్తే తగ్గి లోపలికొస్తే మళ్లీ మొదలైతే, మాత్ర వేసుకుని పడుకోకండి. అందరూ బయటికి వచ్చేయండి. అక్కడైతే 911కు, ఇక్కడైతే 108కి ఫోన్ చేయండి.

మంటల ప్రమాదాలు కాకుండానే, అమెరికాలో ఏటా 400 మందికి పైగా ఈ వాయువుతో చనిపోతున్నారని అక్కడి సీడీసీ లెక్క. అంచేత మీ పిల్లల్ని ఒకటి అడగండి: ‘ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులోనూ ఉందా? పడకగదుల దగ్గర ఉందా? బ్యాటరీ పనిచేస్తోందా?’ కీచుమంటోందని బ్యాటరీ పీకేసి మర్చిపోయే ఇళ్లు ఉంటాయి. పొగగొట్టం అక్కర్లేదని అమ్మే రకాలూ ఉన్నాయి. గదిలో ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే ఏర్పాటు వాటికి ఉంటుంది కానీ, మండగా వచ్చేదంతా మీ గదిలోకే వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లింట్లో అది నాకు ఇష్టం లేదు.

మనవడు తప్పటడుగులు వేస్తుంటే ఇంకో సంగతి. గూటికి ముందు అద్దం ఉన్న రకాల్లో ఆ అద్దం 260 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. మంట ఆపాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. మంట కనబడగానే పసివాడు రెండు అరచేతులూ ఆనిస్తాడు. అరచెయ్యి కాలి మానేటప్పుడు చర్మం ముడుచుకుపోయి వేళ్లు వంకరపోతాయి. 78 డిగ్రీలు దాటే అద్దాలకు రక్షణ జాలీ ఉండాలని 2015 నుంచి అక్కడ నియమం ఉంది. పాత ఇళ్లలో ఉండకపోవచ్చు, విడిగా కొని పెట్టుకోవాలి. కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, పసుపు, సిరా, ఏదీ పూయకండి.

ఇదంతా పరాయి దేశపు గొడవ అనుకునేరు. మన రిసార్టుల్లో, మేడల మీద కూడా ఈ మంటల సరదా మొదలైంది. ఇనుప తొట్టెలో పైపు పెట్టి వంటింటి సిలిండర్ తగిలించిన అమరిక నేనే ఒక గృహప్రవేశంలో చూశాను. ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, సిలిండర్ దాచిన అరలో అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. ఆ అరకు ఎదురెదురుగా గాలి రంధ్రాలు ఉండి తీరాలి. అందంగా ఉంటాయని ఏటిరాళ్లు తెచ్చి పోస్తే, లోపలి తేమ ఆవిరై అవి పేలతాయి. పైన రేకో, టార్పాలినో ఉన్నచోట, అద్దాలు మూసిన బాల్కనీలో ఈ మంట వెలిగించకూడదు. లీకేజీ వాసన వస్తే 1906కు చెప్పండి. ఇక బల్ల మీద స్పిరిటు పోసి వెలిగించే చిన్న గిన్నెలను నేనైతే ఇంట్లోకే రానివ్వను. ఆరిపోయిందనుకుని మళ్లీ స్పిరిటు పోస్తారు. కంటికి కనిపించని మంట ధార పట్టుకుని సీసాలోకి ఎక్కుతుంది.

టీచరమ్మ మొన్న మళ్లీ వచ్చారు. కొడుకును అడిగారట. అలారం పై అంతస్తులో ఒక్కటే ఉందని తేలింది. హాలుకు ఇంకోటి తెప్పించాడు. అది బిగించిన ఫొటో చూపించాకే మందుల చీటీ నా ముందు పెట్టారు. మా ఫార్మసీలో నెలకే ఇవ్వగలం, మిగతా ఐదు నెలల మాత్రలు బయట కొనుక్కోమని రాసిచ్చాను.