జీపు కింద ‘టక్’ మంటే

పోయిన ఆదివారం ఇడ్లీకి పప్పు రుబ్బుదామని మిక్సీ వేశాను. మోటారు గుర్రున తిరుగుతోంది గానీ జార్‌లో పప్పు కదలదే! తీసి చూస్తే కింద పళ్లచక్రంలా ఉండే కప్లరు అరిగి నున్నగా అయిపోయింది. వారం నుంచీ కటకటమని చెబుతూనే ఉంది, నేనే వినిపించుకోలేదు. దాన్ని చూడగానే మా పాచిపెంట జీపు గుర్తొచ్చింది. ఈ వారం కాస్త బండి సంగతి చెబుతాను. ‘అది మగవాళ్ల పని కదండీ’ అనకండి. ఆ బండి ఎక్కేది మనమూ, మన పిల్లలూనూ.

పాచిపెంట 2022 దాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే రోడ్డు మా వైపే ఘాటెక్కి సుంకి మీదుగా పోతుంది. అప్పట్లో 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 26. మా మావగారికి పాత జీపొకటి ఉండేది. సంత రోజున చింతపండు గంపలు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు వేసుకుని కొండ ఆడవాళ్లు ఎక్కేవారు.

ఓసారి వెనక కూర్చున్న ముసలమ్మ, “బాబూ, బండి కింద ఏటో కొట్టుకుంటంది, నన్ను దింపీ” అని పట్టుబట్టింది. డ్రైవరు, “ఏటీ నేదమ్మా, రోడ్డు గతుకులు” అన్నాడు. ఆవిడ వినలేదు, దిగిపోయింది. ఎందుకైనా మంచిదని మావగారు కిందికి వంగి చూశారు. షాఫ్టు కప్లింగుకు ఉండాల్సిన నాలుగు బోల్టుల్లో ఒకటి లేనే లేదు. రెండు చేత్తో తిరిగిపోతున్నాయి!

ఇంజను ముందు ఉంటుంది, బండిని తోసేది వెనక చక్రాలు. రెంటినీ కలిపేది కింద ఉండే పొడవాటి ఇనుప గొట్టం, అదే షాఫ్టు. గతుకుల్లో చక్రాలు పైకీ కిందికీ ఊగుతాయి కనుక గొట్టానికి రెండు చివర్లా ప్లస్ గుర్తులాంటి ‘క్రాస్’ ఉంటుంది. ఎటు వంగినా తిప్పుడు ఆగదు. దీన్ని పుస్తకాల్లో 17వ శతాబ్దపు ఇంగ్లీషు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతో పిలుస్తారు. మన మేస్త్రీలకు మాత్రం అది క్రాస్ బేరింగే.

క్లచ్ వదలగానే ‘టక్’ మంటే, బండి వేగం అందుకున్నాక కాళ్ల కింద రేకు అదురుతుంటే, కప్లింగు వదులైందనో, క్రాస్ అరిగిందనో అనుమానించాలి. వెనక సీటు వాళ్లకే ముందు తెలుస్తుంది. ఘాటు దిగేటప్పుడు షాఫ్టు ఊడిందంటే గేరులో ఉన్నా ఇంజను బండిని పట్టి ఉంచలేదు. భారమంతా బ్రేకుల మీదే. షాఫ్టు ముందు కొస జారి రోడ్డుకు గుచ్చుకుంటే బండి తిరగబడనూ వచ్చు.

సాలూరంటే లారీల ఊరు, మేస్త్రీలకు కొదవలేదు. మొదట చూసినతను పాత బోల్టులే బిగించి పంపేశాడు. నాలుగు రోజులకే మళ్లీ టక్కుటక్కు. రెండో మేస్త్రీ వాటిని తీసి చూపించాడు: మర అరిగిపోయింది, ఒక బోల్టు సాగింది కూడానూ. కప్లింగు మొహాలు రెండూ మడ్డి లేకుండా తుడిచి, కొత్త బోల్టులు, లాక్ నట్లు వేసి, ఒకదాని తర్వాత దాని ఎదురుగా ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా బిగించాడు. ఎంత బిగువన్నది కంపెనీ పుస్తకంలో ఉంటుంది. విప్పకముందే రెండు ముక్కల మీదా సుద్దతో గీత గీశాడు, ఎలా ఉన్నది అలాగే కలపాలట, లేకపోతే అదురుతుందట. క్రాస్‌లకు గ్రీజు కూడా కొట్టాడు.

అన్నిటికన్నా ముందు అతను చేసిన పని మరో రెండు వాక్యాల్లో రాయాలి. చక్రాలకు అటూ ఇటూ పెద్ద రాళ్లు పెట్టాడు. గేరులో ఉంది కదా అని పల్లంలో షాఫ్టు విప్పితే బండి కింద మనిషి మీదికే దొర్లుతుంది. పాత రకం జీపులు కొన్నింటిలో హేండ్ బ్రేకు పట్టేదీ ఆ షాఫ్టునే, అదీ పోతుంది. మీ వాళ్లెవరైనా బండి కింద దూరుతుంటే రాళ్లు మీరే తెచ్చి పెట్టండి.

మర్నాటి సంతకు ఆ ముసలమ్మ గంప కింద పెట్టకుండానే, “బోల్టులు కొత్తవేనా?” అని అడిగింది. మావగారు పాతవి చూపించాకే ఎక్కింది.

ఇక మిక్సీ మాట. ప్లగ్గు పీకి, తిరగేసి, మోటారు ఇరుసు అడుగు కొసన గాడి ఉంటే స్క్రూడ్రైవరుతో కదలకుండా పట్టుకోండి. పైన కప్లరును మామూలుగా మోటారు తిరిగే వైపుకే తిప్పితే ఊడుతుంది, ఎదురు తిప్పితే ఇంకా బిగుస్తుంది. కొత్తది కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి, ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. జార్ అడుగున ఉన్నదీ అరిగితే రెండూ ఒకేసారి మార్చేయండి.