ఫోన్‌లో నాలుగు గీతలు.. కాల్‌లో ముఖం మాయం! సదాశివనగర్‌లో నెట్ ఎక్కడ ఆగుతోంది?

రాత్రి ఎనిమిదిన్నర. సదాశివనగర్‌లో భోజనాల వేళ. అప్పుడు రియాద్‌లో సాయంత్రం ఆరు, దుబాయ్‌లో ఏడు. డ్యూటీ దిగి క్యాంపుకు చేరిన మనిషి స్నానం చేసి ఇంటికి వీడియో కాల్ కలిపే టైం అదే. ఇక్కడ అమ్మ ఫోన్ ఎత్తుతుంది. కొడుకు ముఖం కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. రెండు నిమిషాలు కాకముందే అటు నుంచి, "అమ్మా, నువ్వు కనిపిస్తలేవు, మాట కట్ అవుతుంది" అంటాడు. ఇటు చూస్తే అంతా మంచిగనే ఉంది. ఫోన్ మీద నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి. పక్క గదిలో మనవడు క్రికెట్ మ్యాచ్ ఆగకుండా చూస్తున్నాడు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. తిట్లు మాత్రం ఫోన్‌కో, కంపెనీకో, గల్ఫ్ నెట్‌కో పడతాయి. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్న మాట నిజమే. అందుకే అక్కడివాళ్లు బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడతారు. సౌదీ మాత్రం ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని 2017లోనే ఎత్తేసింది. అయినా సౌదీ కాల్ కూడా ఆగుతోందంటే కారణాన్ని ఇంటికి దగ్గరలోనూ వెతకాలి. కొడుకు కనిపిస్తున్నాడు, అమ్మ కనిపించడం లేదు. అసలు ఆనవాలు అక్కడే ఉంది. ఊరికి వచ్చే డేటా బాగానే వస్తోంది. ఊరి నుంచి పోయే డేటా ఇరుక్కుంటోంది.

మొబైల్ నెట్‌వర్క్‌లను కంపెనీలు 'చూసేవాళ్ల' కోసం కట్టాయి. జనం ఎక్కువగా చేసేది వీడియోలు చూడడమే కాబట్టి అందులో తప్పు పట్టేదేమీ లేదు. 5జీలో ప్రధానంగా వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్, 4జీలో వాడే 2300 బ్యాండ్ ఒకే దారి మీద రెండు వైపులా బండ్లు నడిపే పద్ధతిలో పని చేస్తాయి. కాసేపు టవర్ నుంచి ఫోన్‌కు, కాసేపు ఫోన్ నుంచి టవర్‌కు. ఈ వంతుల్లో సుమారు నాలుగింట మూడొంతుల సమయం డౌన్‌లోడ్‌కే పోతుంది. మిగిలిన కొద్దిపాటి వంతులోనే ఆ టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ తమ డేటా పైకి పంపాలి.

దీనికి తోడు బలాల్లో తేడా. టవర్ మీది రేడియో పదుల వాట్లతో అరుస్తుంది. చేతిలోని ఫోన్ పావు వాట్ కంటే తక్కువ శక్తితో జవాబు చెబుతుంది. టవర్ అరుపు ఊరి చివరి ఇంటికి కూడా వినిపిస్తుంది, ఆ అరుపే ఫోన్ మీద గీతలుగా కనిపిస్తుంది. ఫోన్ గొంతు టవర్‌కు ఎంత బాగా వినిపిస్తోందో ఆ గీతలు చెప్పవు. గోడలు మందంగా ఉన్నా, టవర్ మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నా ముందు దెబ్బతినేది పైకి పోయే డేటానే. సదాశివనగర్‌లో 44వ నంబర్ జాతీయ రహదారికి ఆనుకుని, టవర్‌కు దగ్గరగా ఉన్న ఇంటికీ, లోపలికి పోయాక పొలాల మధ్య ఉన్న ఇంటికీ ఒకే కంపెనీ, ఒకే ప్లాన్, ఒకే రేటు. వీడియో కాల్ మాత్రం ఒకే రకంగా నడవదు.

మరి మనవడి మ్యాచ్ ఎందుకు ఆగడం లేదు? మ్యాచ్ చూడడానికి పైకి పంపాల్సింది దాదాపు ఏమీ లేదు. పైగా ఆ వీడియోను దగ్గరికి తెచ్చే ఏర్పాట్లు కంపెనీలు ఎప్పుడో చేసుకున్నాయి. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, క్రికెట్ యాప్‌లు తమ వీడియోల కాపీలను ఆపరేటర్ల డేటా సెంటర్లలోనో, వాటికి దగ్గరలోనో ఉంచుతాయి. వెయ్యి మంది ఒకే వీడియో చూసినా అది ప్రతిసారీ సముద్రం దాటి రానక్కర్లేదు. 2023 నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌ను ఒక దశలో 5.9 కోట్ల మంది ఒకేసారి హాట్‌స్టార్‌లో చూశారంటే ఈ ఏర్పాటు వల్లే సాధ్యమైంది. నెట్ కాస్త తగ్గినా యాప్ తనంతట తాను క్వాలిటీ తగ్గించుకుంటుంది, పది ఇరవై సెకన్ల వీడియోను ముందే దించి పెట్టుకుంటుంది. చూసేవాడికి తేడా పెద్దగా తెలియదు.

అమ్మ ముఖాన్ని ముందే దించి పెట్టుకోవడం కుదరదు. అది ఆ క్షణంలో పుట్టి ఆ క్షణంలోనే రియాద్ చేరాలి. సగం సెకను ఆలస్యమైనా మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పైగా ఆ దారి పొడవైనది. టవర్, కామారెడ్డి, హైదరాబాద్, ఆ తర్వాత సముద్రం అడుగున వేసిన కేబుళ్లు. 2025 సెప్టెంబర్ మొదటి వారంలో జెడ్డా సమీపంలో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు భారత్, పాకిస్తాన్, యూఏఈలలో నెట్ నెమ్మదించిందని నెట్‌బ్లాక్స్ సంస్థ గుర్తించింది. అప్పుడు ఆపరేటర్లు ట్రాఫిక్‌ను వేరే కేబుళ్ల మీదికి మళ్లించారు. సముద్రంలో దారి మళ్లించడం సాధ్యమే, ఎందుకంటే అక్కడ ఒకటికి నాలుగు దారులున్నాయి. ఊరి టవర్‌కు చాలాసార్లు ఒకటే దారి ఉంటుంది.

ఆ దారి సంగతి చాలామందికి తెలియదు. టవర్ అంటే గాలిలో మొదలై గాలిలోనే అయిపోయేది కాదు. ఫోన్ల నుంచి వచ్చిన డేటా మొత్తాన్ని టవర్ నుంచి వెనక్కి, పట్నం వైపు మోసుకుపోవాలి. ఫైబర్ వేసి ఉంటే అది నాలుగు లైన్ల హైవే. ఫైబర్ లేనిచోట ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు గుండ్రటి డిష్‌తో మైక్రోవేవ్ లింకు పెడతారు. దాని సామర్థ్యం ఫైబర్ ముందు తక్కువ, జోరు వానకు ఇంకా తగ్గవచ్చు. 2019 డిసెంబర్‌లో మొదలైన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ మిషన్ ఐదేళ్లలో 70 శాతం టవర్లకు ఫైబర్ అందిస్తామని లక్ష్యం పెట్టుకుంది. 2024 చివరికి దేశంలో సగం టవర్లకు కూడా ఫైబర్ చేరలేదు. ఊళ్లో 5జీ బోర్డు పెట్టి, వెనక డిష్‌తో నడిపితే ఇందల్వాయి టోల్‌గేట్ దగ్గర నాలుగు లైన్ల బండ్లన్నీ ఒక్క గేటు నుంచి వదిలినట్టే ఉంటుంది.

ఇంత రద్దీ ఎక్కడిదంటే, లెక్కలు చూడాలి. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చాక డేటా ధర కూలిపోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 2014లో ఒక జీబీకి 269 రూపాయలు ఉండేది, ఇప్పుడు పది రూపాయల లోపే. నోకియా ఏటా ఇచ్చే ఎంబిట్ నివేదిక ప్రకారం దేశంలో ఒక్కో మొబైల్ కస్టమర్ సగటున నెలకు వాడిన డేటా 2023లో 24.1 జీబీ, 2024లో 27.5 జీబీ. వాడకం ఏటా పెరుగుతోంది. ఆపరేటర్ కొన్న స్పెక్ట్రమ్ మాత్రం అంతే ఉంటుంది. అందులో మన దగ్గర ఇంకో మెలిక ఉంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. సర్కిల్ సగటు బాగుందని నివేదికలో రాసుకుంటే విశాఖపట్నం వేగంలో సదాశివనగర్ నెమ్మది కలిసిపోతుంది.

రద్దీని అదుపు చేయడానికి ఆపరేటర్ల చేతిలో కొన్ని పనిముట్లున్నాయి. మొదటిది అందరికీ తెలిసినదే, రోజువారీ కోటా. 2 జీబీ అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో మెసేజ్ పోతుంది గానీ వీడియో కాల్ నడవదు. రెండోది ధర. 2024 జూలైలో రేట్లు పెంచినప్పుడు అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లకే పరిమితం చేశారు. జియోలో 28 రోజుల 2 జీబీ ప్లాన్ అప్పుడు 349 రూపాయలైంది, 1.5 జీబీ ప్లాన్ 299. యాభై రూపాయలు తగ్గించుకున్న ఇల్లు రద్దీగా ఉన్న 4జీ మీదే మిగిలిపోతుంది. దీన్ని ఎవరూ ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ అని పిలవరు, కానీ పని అదే.

మూడోది ప్రాధాన్యం. మామూలు ఫోన్ కాల్, అంటే వోల్టే కాల్ డేటా రూపంలోనే పోతుంది. దానికి నెట్‌వర్క్ లోపల అంబులెన్స్ లైన్ లాంటి ప్రత్యేక దారి ఇస్తారు. అందుకే నెట్ మందంగా ఉన్నా హైదరాబాద్‌కు చేసిన మామూలు కాల్ నడుస్తుంది. వాట్సాప్ కాల్‌కు ఆ లైన్ లేదు. రీల్స్, సినిమా డౌన్‌లోడ్, అమ్మ వీడియో కాల్ అన్నీ ఒకే క్యూలో నిలబడాలి. పదేళ్ల కింద ఈ క్యూ గురించే పెద్ద గొడవ జరిగింది. ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్' పేరుతో కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా ఇస్తామన్నప్పుడు ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న అలాంటి వివక్షతో కూడిన రేట్లను నిషేధించింది. 2018 జూలైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది. ఏ కంపెనీ డేటాకూ డబ్బు చూసి ముందు వరస ఇవ్వొద్దని దాని సారం. రద్దీ అదుపు చేయొచ్చు గానీ అది అవసరం మేరకే, కొంతకాలానికే, అందరికీ తెలిసేలా ఉండాలి.

ఈ రక్షణ మంచిదే, దాన్ని వదులుకోకూడదు. వాట్సాప్‌కు ఒక వరస, ఇంకో యాప్‌కు ఇంకో వరస అంటే రేపు ఊరి చిన్న సైట్ ఏ వరసలోనూ ఉండదు. కానీ పేరు చూడకుండా రకం చూసి, అంటే ఏ యాప్ అయినా సరే అప్పటికప్పుడు జరిగే మాటకు రద్దీ గంటలో కాస్త దారి ఇవ్వడం వివక్ష ఎట్లా అవుతుందన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆపరేటర్ల సంఘం సీఓఏఐ ఈ ప్రశ్నను పక్కన పెట్టి ఇంకోటి అడుగుతోంది: ఎక్కువ ట్రాఫిక్ తెచ్చే పెద్ద వీడియో కంపెనీలు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలని. ఈ వాదనలో పస తక్కువ. ఆ వీడియో కోసం కస్టమర్ ఇప్పటికే రీచార్జ్ చేశాడు. వాటా వచ్చినా అది ఊరి టవర్‌కు ఫైబర్‌గా మారుతుందన్న హామీ ఎక్కడా లేదు.

వీడియో కంపెనీలు తల్చుకుంటే తగ్గగలవని మాత్రం ఒకసారి రుజువైంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు నెట్‌వర్క్‌లు తట్టుకోలేవన్న భయంతో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, హాట్‌స్టార్, గూగుల్, ఫేస్‌బుక్ లాంటి సంస్థలు మొబైల్ నెట్ మీద వీడియో నాణ్యతను 480పీ దాటనివ్వబోమని ఒప్పుకున్నాయి. ఆరు అంగుళాల ఫోన్‌లో ఆ తేడాకు ఎవరి ప్రాణమూ పోలేదు.

ఇప్పుడు ఇంకో బరువు వచ్చి చేరుతోంది. ఎయిర్‌ఫైబర్ పేరుతో 2023 నుంచి జియో, ఎయిర్‌టెల్ ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ను 5జీ టవర్ నుంచే ఇస్తున్నాయి. వైరు రాని ఊళ్లకు అది వరమే. అయితే టీవీ నడిచే ఇల్లు ఒక ఫోన్ కంటే ఎన్నో రెట్ల డేటా తాగుతుంది. టవర్ అదే, వెనక దారి అదే. దీనికి విరుగుడు నేల మీది వైరు. మిషన్ భగీరథ పైపులతో పాటే కేబుల్ వేసుకొచ్చిన టీ-ఫైబర్‌ను 2024 డిసెంబర్‌లో సంగారెడ్డి జిల్లా సంగుపేట లాంటి కొన్ని పల్లెల్లో పైలట్‌గా మొదలుపెట్టారు. భారత్‌నెట్ ఫైబర్‌ను ఆపరేటర్లకు అద్దెకిచ్చే ఏర్పాటు కూడా ఉంది. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన వైరును ఇంకో కిలోమీటర్ లాగి టవర్‌కు కలిపితే సగం కథ మారుతుంది. బీఎస్ఎన్ఎల్ 2025 సెప్టెంబర్ 27న దేశమంతా 97,500 టవర్లతో స్వదేశీ 4జీని ప్రారంభించడం కూడా కొంత బరువు దించవచ్చు, ఆ టవర్ల వెనకా దారి ఉంటే.

ఒకటే దారి ఉంటే ఏమవుతుందో కామారెడ్డి జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల వానకు రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తుపాన్లప్పుడు తీర ప్రాంతాల్లో ఒక కంపెనీ టవర్ పడిపోతే ఇంకో కంపెనీ టవర్ మీద నడిచేలా టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిపిస్తుంది. అది రోజువారీ రద్దీకి వాడేది కాదు, ఆపద్ధర్మమే.

ట్రాయ్ 2024 ఆగస్టులో కొత్త సేవా నాణ్యత నిబంధనలు తెచ్చింది. జిల్లా స్థాయిలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి ఆగితే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పెంచాలి. ప్రకృతి వైపరీత్యమైతే మినహాయింపు. ఎక్కడ ఏ సేవ ఉందో చూపే మ్యాపులను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. మ్యాప్‌లో రంగు ఉంటే సిగ్నల్ ఉన్నట్టు. ఎంతమంది ఆ సిగ్నల్‌ను పంచుకుంటున్నారో ఆ రంగు చెప్పదు. రోజూ రాత్రి ఒక గంట అమ్మ ముఖం కనిపించకపోతే ఆ పరిహారం నిబంధన కింద అది అంతరాయం లెక్కలోకే రాదు.

ఫిర్యాదు చేసేవాళ్లు 198కి ఫోన్ చేసి 'నెట్ స్లో' అంటే, వేగం బాగానే ఉందని జవాబు వస్తుంది, డౌన్‌లోడ్ బాగానే ఉంటుంది కాబట్టి. ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్‌లో డౌన్‌లోడ్ పక్కనే అప్‌లోడ్ అంకె కూడా వస్తుంది. మధ్యాహ్నం హైవే మీద నిలబడి కాదు, రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో, కాల్ మాట్లాడే చోట కూర్చుని వారం రోజులు ఆ రెండో అంకె రాసుకుని, డాకెట్ నంబర్ తీసుకోవాలి. తీరకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి పోవచ్చు. అక్కడ అడగాల్సింది కూడా ఒకటే: ఈ టవర్‌కు ఫైబర్ ఉందా, లేదా?