డ్రైవరుకేనా పరీక్ష? ఓనరుకు లేదా?

ఘోరం జరిగిన మర్నాడు మంత్రులొస్తారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. 'డ్రైవరు నిర్లక్ష్యం' అని ఒక ముక్క చెప్పి కారెక్కుతారు. సీమ రోడ్ల మీద ఇది ఆనవాయితీ అయిపోయింది.

2019 మేలో కర్నూలు జిల్లా వెల్దుర్తి దగ్గర బస్సూ, తుఫాన్ బండీ ఢీకొన్నాయి. పెళ్లి సంబంధం పనిమీద గుంతకల్లు పోయి వస్తున్న పేదలు పదిహేను మంది దాకా పోయారు. 2021 ఫిబ్రవరి 14న అదే వెల్దుర్తి మండలంలో టెంపో లారీని ఢీకొని, అజ్మీర్ పోతున్న మదనపల్లె యాత్రికులు 14 మంది చనిపోయారు. రెండూ 44వ జాతీయ రహదారి మీదే. ఈ రోడ్ల మీద మనుషుల్ని మోసేవాడు ఎట్లాంటివాడు, వాని కన్నూ ఒళ్లూ సరిగ్గా ఉన్నాయా అని చూసే నాథుడెవడు?

తప్పు చేసిన డ్రైవరును మేం వెనకేసుకు రావడం లేదు. 2013 అక్టోబరులో హైదరాబాదులో కారెక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీద జరిగిన అఘాయిత్యాన్ని ఎవరూ మరువలేదు. తాగుబోతునూ, నేరగాణ్నీ స్టీరింగు ముందు కూచోబెట్టకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ చెప్పేదీ అదే. అట్లాంటివాళ్ల లైసెన్సు లాక్కునే అధికారం ఆర్టీవోకు ఉంది. కానీ కౌంటర్లో కాగితాల కట్ట తప్ప మనిషిని చూసేదెవరు?

ఒళ్లు సంగతి ఇంకా అన్యాయం. 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలడా, ఎరుపూ పచ్చా గుర్తుపడతాడా, రేచీకటి ఉందా అని డాక్టరు చూసి ఫారం 1ఏ మీద సంతకం చేయాలి. లారీలకూ బస్సులకూ ఈ నిబంధన ఉంది. బాడుగ కారుకో? 7,500 కిలోల లోపు బండికి మామూలు లైట్ మోటారు లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. బీమా కంపెనీలు సాకులు చెప్పి పరిహారం ఎగ్గొట్టకుండా కాపాడిన తీర్పది. మేం స్వాగతిస్తున్నాం. కానీ ఇరవై ఏళ్లకు లైసెన్సు తీసుకున్నవాడు 2019 సవరణ ప్రకారం నలభై ఏళ్లదాకా డాక్టరు ముఖం చూడకుండానే ట్యాక్సీ తోలవచ్చు. ఈ సందును పూడ్చవలసిన ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి?

పట్నంలో ఆప్ నొక్కి కారెక్కేవాళ్ల కోసం కేంద్రం 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. పోలీసు విచారణ, కంటి పరీక్ష, రోజుకు 12 గంటలకు మించి డ్యూటీ వద్దు అంది. మంచిదే. మరి ఆదోని స్టాండులో జీపెక్కే కూలీ ప్రాణానికి విలువ లేదా? గువ్వలచెరువు ఘాట్ దిగే రాయచోటి ప్రయాణికుడు మనిషి కాదా?

అసలు దొంగ ఇంకొకడున్నాడు. రాత్రంతా బెంగుళూరు బాడుగ కొట్టి వచ్చినవాణ్ని పొద్దున్నే మహానందికి పంపే ఓనరు! రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం రాసింది. అదీ ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న చోటనే. ఒకటి రెండు బండ్ల ఓనర్లకు ఆ లెక్క తగల్లేదు. సర్కారు ఇచ్చిన వాహనమిత్ర 10 వేలూ, 2025 అక్టోబరులో మొదలైన 15 వేల సాయమూ సొంత బండి తోలేవాళ్లకే. ఒకరి బండి తోలే సీమ బిడ్డకు దక్కింది గుండుసున్నా. బోర్లు ఎండి, సేద్యం మునిగి స్టీరింగు పట్టినవాడు వాడు. నిద్రకూ వాడే బాధ్యుడు, చావుకూ వాడే బాధ్యుడు!

ఇంగ్లండులో 1976 చట్టం బాడుగ కారు తోలేవాడు తగినవాడో కాడో చూడమంటుంది. బండ్లు తిప్పే ఆపరేటరును కూడా అదే తూకంలో తూచమంటుంది. ఇక్కడ ఓనరు నడవడిని అడిగేదెవరు?

మేం అడిగేవి నాలుగే. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో బాడుగ డ్రైవర్లందరికీ ఏటా ఉచిత పరీక్ష జరపాలి. పోలీసు విచారణ ఏజెంటు చేతుల్లో కాకుండా స్టేషన్లోనే, గడువు పెట్టి తేల్చాలి. బాడుగ బండి తిప్పే ప్రతి ఓనరుకూ పని గంటల రిజిస్టరు పెట్టి, మీరితే పర్మిట్ రద్దు చేయాలి. ఒకరి బండి తోలేవానికీ సాయం అందాలి.

డ్రైవరు సోదరులారా, మీ కళ్లు పరీక్ష చేయించమని మీరే అడగండి. విద్యార్థులారా, ఉద్యోగులారా, రోజూ ఆ బండ్లెక్కేది మీరే. ఆర్టీవో ఆఫీసుల ముందు వాళ్లతో కలిసి నిలబడండి. వెల్దుర్తిలో ఇంకో శవాల వరుస చూసేదాకా ఆగుదామా?