గేటు లోపల ఏం జరిగిందో చెప్పాల్సింది మనమే

బొంతపల్లి, గుమ్మడిదల, దోమడుగు, అన్నారం, గడ్డపోతారం కార్మికులకు, వాళ్ల ఇంటివాళ్లకు



రియాక్టర్ పేలిన మర్నాడు ఏం జరుగుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. గేటు ముందు టెంటు వేస్తారు. ఇంటివాళ్లు మట్టిలో కూలబడి ఏడుస్తుంటారు. నాయకుల కార్లు వచ్చి ఆగుతాయి. మధ్యాహ్నానికల్లా ఒక అంకె పుడుతుంది: మనిషికి ఇన్ని లక్షలు. పొద్దుగూకేసరికి టెంటు లేస్తుంది.

మరి గేటు లోపల? ఈ కాగితం రాసిన మాలో ఒకాయన కొన్నేళ్ల కింద అట్లాంటి రాత్రే ఒక కంపెనీలో డ్యూటీలో ఉన్నాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. బ్లాకు కడగమని సూపర్వైజర్ అంటే పైపు పట్టి కడిగాడు. కాలిన గాస్కెట్ ముక్క, ఒక రబ్బరు చెప్పు, సగం మాడిన లాగ్ షీటు కొట్టుకొచ్చి డ్రెయిన్ జాలీ దగ్గర ఆగినయ్. చీపురుతో నెట్టేశాడు. కొన్నేళ్లకు సాక్ష్యం చాల్లేదని కేసు కొట్టేశారు. "తీర్పు జడ్జి చెప్పిండు గని, చీపురు నేనే పట్టిన" అంటాడాయన.

మేం చెప్పదలుచుకున్నది ఇదీ: కేసు ఓడిపోయేది సంగారెడ్డి కోర్టులో కాదు, గేటు లోపల, మొదటి రెండు రోజుల్లో. చాలాసార్లు ప్రమాదం జరగకముందే ఓడిపోతున్నాం.

ఇంట్లో హత్య జరిగితే పోలీసులు వచ్చి ఆ ఇంటికి తాళం వేస్తారు. ఫ్యాక్టరీలో మనుషులు చస్తే తాళంచెవి యజమాని జేబులోనే ఉంటుంది. రిజిస్టరు ఆయనది, కెమెరా ఆయనది. సాక్షికి జీతమిచ్చేదీ ఆయనే. 2020 మే నెలలో వరంగల్ దగ్గర గొర్రెకుంటలో తొమ్మిది మంది శవాలు బావిలో తేలినప్పుడు, పోలీసులు సీసీ కెమెరాల ఆధారంగా దారి పట్టారు. అక్టోబరు 28న కింది కోర్టు దోషికి మరణశిక్ష విధించింది. చనిపోయింది వలస కార్మికులే, మనలాంటోళ్లే. అయిదు నెలల్లో తీర్పు వచ్చింది. అంటే మన వ్యవస్థకు చేతకాక కాదు. అక్కడ దేనికోసం వెతకాలో పోలీసులకు తెలుసు. రియాక్టర్ దగ్గర ఏం వెతకాలో ఎస్సైకి ఎట్లా తెలుస్తుంది? రప్చర్ డిస్క్ అంటే ఏమిటో, ఇంటర్‌లాక్ బైపాస్ చేశారంటే అర్థం ఏమిటో ఆయన చదువుకున్నవాడు కాదు. ఏ కాగితం అడగాలో ఆయనకు మనమే చెప్పాలి.

"తెలుసు" అనే ఒక్క మాట

భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే 5 ఏళ్ల దాకా జైలు. 105 కూడా ఉంది. ప్రాణం పోయే పనని తెలిసీ చేస్తే 10 ఏళ్ల దాకా. చంపాలనే ఉద్దేశమే ఉంటే ఇంకా ఎక్కువ. ఫ్యాక్టరీ కేసుల్లో ఈ రెండిటి మధ్య అడ్డంగా నిలిచేది ఒకటే ప్రశ్న: ప్రమాదం పొంచి ఉందని మేనేజ్‌మెంట్‌కు ముందే తెలుసా?

భోపాల్ ఏమైందో గుర్తు చేసుకోండి. 1984 డిసెంబరులో వేలమంది పోయారు. మొదట పెట్టింది తెలిసీ చేసిన నేరమే. 1996 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఆ తెలివిడి ఉందనడానికి రికార్డులో ఉన్న ఆధారాలు చాలవని దాన్ని నిర్లక్ష్యం కేసుగా తగ్గించింది. 2010 జూన్ 7న వచ్చిన శిక్ష రెండేళ్లు. పాతికేళ్లు ఎదురుచూసిన తల్లులకు రెండేళ్లు! ఆ తీర్పును తిట్టనివాళ్లు లేరు, మేమూ తిట్టాం. కానీ కాగితం లేకుండా "వాళ్లకు తెలుసు" అని ఎంత అరిచినా కోర్టు చెవికెక్కదన్న పాఠం మాత్రం అందులో ఉంది.

ఇక మన పక్కనే పాశమైలారం. 2025 జూన్ 30 పొద్దున సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు. 46 మంది మృతి ఖాయమైంది, ఆనవాలు దొరకని మరో 8 మందిని కూడా చనిపోయినట్టే ప్రకటించారు. కన్నతల్లి గుర్తుపట్టలేని దేహాలకు డీఎన్‌ఏతో పేర్లు పెట్టారు. ఆ పొద్దున లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. బీడీఎల్ భానూర్ పోలీసులు 105తో సహా సెక్షన్లు పెట్టారు. ఆ కేసుకు ఆధారం ఒక మృతుడి ఇంటివాళ్లు ఇచ్చిన ఫిర్యాదు. యంత్రాలు పాతబడ్డాయని ముందే చెప్పినా వినలేదని వాళ్లు అందులో రాశారు. తప్పెవరిదో కోర్టే తేల్చాలి. మనం చూడాల్సింది వేరే: "ముందే చెప్పాం" అన్న మాట ఫిర్యాదులో పడింది కాబట్టే ఆ సెక్షన్‌కు తలుపు తెరుచుకుంది.

అయితే ఆ మాటకు రుజువు ఎక్కడుంటుంది? మన ఫోన్లోనే. ప్రెషర్ గేజ్ పనిచేయడం లేదా? షిఫ్ట్ ఇన్‌చార్జికి నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. మెసేజ్ పెట్టండి: "సార్, బి బ్లాకు 3వ రియాక్టర్ గేజ్ ముల్లు కదులుత లేదు, నిన్న కూడా చెప్పినం." అంతే చాలు, తిట్లొద్దు, బెదిరింపులొద్దు. లాగ్‌బుక్‌లో రాసే పని మీదైతే చూసిన రీడింగే రాయండి, చెప్పిన రీడింగు కాదు. ఆ మెసేజ్ వల్ల గేజ్ మారిస్తే ప్రమాదమే తప్పుతుంది. మార్చకపోతే, ఆ రెండు లైన్లే రేపు కోర్టులో "తెలుసు" అని సాక్ష్యం చెబుతాయి.

జరిగిపోయిన రోజు

ముందు ప్రాణాలు. ఆ తర్వాత ఫిర్యాదు. ఎవరో టైపు చేసి తెచ్చిన కాగితం మీద, "ప్రమాదవశాత్తు" అన్న మాట చూసుకోకుండా, సంతకం పెట్టకండి. ఏ బ్లాకు, ఏ షిఫ్టు, ఏ మెషీన్, అంతకుముందు ఎవరికి ఏం చెప్పారు, ఎవరు చూశారు అన్నది మీ మాటల్లో రాయండి. ఏ స్టేషన్ పరిధి అన్న పంచాయితీతో తిప్పి పంపకూడదు, పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు: ఫిర్యాదు మీద సంతకం ఉండాలి గానీ, దర్యాప్తులో పోలీసు రాసుకునే మీ వాంగ్మూలం మీద మీరు సంతకం పెట్టకూడదని చట్టమే చెబుతోంది. ఎవరైనా పెట్టమంటే ఎందుకని అడగండి.

"ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ చూసుకుంటడు" అని పోలీసు స్టేషన్‌కు పోకుండా ఆగిపోవద్దు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కోర్టుకు ఫిర్యాదు చేసే దారి ఇన్‌స్పెక్టర్ చేతిలోనే ఉండేది, అదీ విషయం తెలిసిన మూడు నెలల లోపు. ఆ గడువు దాటిపోయి ఎన్ని కేసులు గాల్లో కలిశాయో పాత కార్మికులను అడగండి.

అదే రోజు దర్యాప్తు అధికారికి ఇంకో అర్జీ ఇవ్వండి, రసీదు ముద్ర వేయించుకోండి. అందులో అడగాల్సినవి: గేటు కెమెరా డీవీఆర్, బయోమెట్రిక్ హాజరు, కాంట్రాక్టర్ మస్టర్ రోల్, ఆ బ్యాచ్ రికార్డు, వర్క్ పర్మిట్లు, మెయింటెనెన్స్ రిజిస్టరు. వీటిని తెప్పించుకోవడానికి నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ అధికారికి బలమిస్తుంది. డీవీఆర్ విషయంలో ఒక్క రోజు కూడా ఆగొద్దు. నిండగానే పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది, దాన్ని ఎవరూ చెరపనక్కర్లేదు. రోడ్డవతల కిరాణా కొట్టు, పెట్రోలు బంకు, కాంటా కెమెరాలు కూడా రాయండి. యజమాని చేతిలో లేని కెమెరా అంటే బంగారమే. సోదా, స్వాధీనం అంతా వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. ఇది న్యాయ సంహిత 105 కాదు, నాగరిక్ సురక్షా సంహిత 105. రెండు చట్టాలకూ అదే అంకె ఇచ్చి మనల్ని తికమక పెట్టారు, ఏం చేస్తాం! ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు అక్కడికి రావాలని కూడా ఆ సురక్షా సంహితలోనే ఉంది. రాష్ట్రాలకు దీని అమలుకు అయిదేళ్ల గడువు ఇచ్చారు కాబట్టి, అడిగితేనే వస్తారనుకోండి.

ఎవరైనా పైపు పట్టి కడుగుతుంటే ఆపండి. ఆపలేకపోతే వీడియో తీయండి. సాక్ష్యం మాయం చేయడం కూడా నేరమే, న్యాయ సంహిత 238.

ఆ వీడియో గురించి రెండు ముక్కలు. దాన్ని కత్తిరించకండి, పాట తగిలించకండి, బాణం గుర్తు పెట్టకండి. వాట్సాప్‌లో పదిమందికి పంపి, ఫోన్లో జాగా లేదని అసలుది చెరిపేస్తున్నాం. వాట్సాప్‌లో వెళ్లిన వీడియో కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న గుర్తులు రాలిపోతాయి. అసలు ఫైలు తీసిన ఫోన్లోనే ఉండాలి. కాపీ కోర్టులో నిలబడాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఒక భాగం ఫోన్ ఎవరిదో వాళ్లు, ఇంకో భాగం నిపుణుడు ఇవ్వాలి. అందులో హ్యాష్ విలువ అని ఒక పొడుగాటి అంకె ఉంటుంది, ఫైలుకు వేలిముద్ర లాంటిది. వీడియోలో ఒక్క చుక్క మారినా ఆ వేలిముద్ర మారిపోతుంది.

ఇక ఆస్పత్రి. కాలిన గాయాలతో ఉన్నవాళ్లు స్పృహలో ఉన్నప్పుడే మెజిస్ట్రేట్‌ను పిలిపించి మరణ వాంగ్మూలం తీసుకోమని డాక్టరును, పోలీసును అడగండి. మంచం పక్కన నిలబడి "ఇట్ల చెప్పు బిడ్డా" అని మాత్రం నేర్పకండి. రేపు డిఫెన్సు లాయరు మొట్టమొదట అడిగేది అదే.

అబద్ధం ఒక్కటీ వద్దు. ఆ షిఫ్టులో లేని మనిషిని ప్రత్యక్ష సాక్షిగా నిలబెట్టకండి. బయోమెట్రిక్‌లో అతని వేలు లేదని తేలగానే, నిజం చెప్పిన నలుగురి మాటా పోతుంది.

పైసల మాట వేరు, కేసు మాట వేరు

పరిహారం తీసుకోండి. అది మీ హక్కు, భిక్ష కాదు. కానీ ఆ చెక్కుతో పాటు "మాకు ఎవరి మీదా అనుమానం లేదు" అన్న కాగితం వస్తే వెనక్కి నెట్టండి. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం, చట్టం రాజీకి వీలిచ్చిన నేరాల పట్టికలో లేదు. అంటే మీరు ఒప్పుకున్నా కేసు పోదు. సాక్షులు అడ్డం తిరిగితే పోతుంది. అందుకే ఆ కాగితం కోసం అంత తొందర.

సాక్షిని బెదిరించడం న్యాయ సంహిత 232 కింద నేరం. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లాలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒడిశా, బిహార్ తమ్ముళ్లు ఊరికి పోయేలోపే వాళ్ల ఇంటి అడ్రసు, ఇంటి ఫోన్ నంబరు దర్యాప్తు అధికారికి అందాలి. వీలైతే నాగరిక్ సురక్షా సంహిత 183 కింద మెజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించాలి. మూడేళ్లకు సమన్లు వచ్చినప్పుడు వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే వీలుంది. లాయరుకు పైసలు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100.

రాత్రిపూట వాగులో రసాయనం వదిలే ట్యాంకర్ల సంగతి ఇంకో కాగితంలో వివరంగా రాస్తాం. ఇప్పటికి ఒక్కటి: మీరు సీసాలో పట్టిన నీళ్లు పేపర్లో ఫోటోకు పనికొస్తాయి గానీ, జల కాలుష్య చట్టం కింద కోర్టుకు పనికిరావు. ఆ చట్టం 21వ సెక్షన్ ప్రకారం శాంపిల్ బోర్డు అధికారే తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి పంపాలి. మీరు చేయాల్సింది ట్యాంకర్ నంబరు, టైము, చోటు రాసుకుని, వీడియో తీసి, వెంటనే 112కు, కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ కొట్టడం.

వచ్చే ఆదివారం సాయంత్రం 6 గంటలకు, జనరల్ షిఫ్టు వాళ్లు, ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు వీరభద్రస్వామి గుడి దగ్గరకు రండి. ఫోన్ తెచ్చుకోండి, గేట్‌పాస్, జీతం స్లిప్పు జిరాక్స్ తెచ్చుకోండి. అర్జీ నమూనాలు తెలుగులో, హిందీలో ఇస్తాం. అసలు వీడియో ఎట్లా దాచాలో ఫోన్లోనే చూపిస్తాం. నైట్ షిఫ్టు వాళ్ల కోసం సోమవారం పొద్దున 9 గంటలకు అక్కడే ఇంకోసారి కూచుంటాం. రూములో తెలుగు రాని తమ్ముడు ఉంటే ఈ కాగితం చదివి వినిపించి, వెంట తీసుకురండి.

— బొంతపల్లి కార్మికులు, ఊరివాళ్లు